బెంగళూరు జీతంతో తీరే అప్పేనా?

కడప జిల్లాకు విదేశం కొత్త కాదు. పాత జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. ఏజెంటుకు డబ్బు కట్టడం, పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టడం, వీసా వచ్చేదాకా కాచుకోవడం, పోయిన కొన్నాళ్లకే ఇంటికి డబ్బు రావడం: జిల్లా జనానికి తరాలుగా తెలిసిన విదేశ ప్రయాణం ఇదే. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి ఎం.ఎస్. చదువుకు పోయే పిల్లల ఇళ్లలోనూ చాలావరకు ఇదే పద్ధతి నడుస్తోంది. ఏజెంటు కూర్చున్న కుర్చీలో కన్సల్టెన్సీ వచ్చి కూర్చుంది. కానీ డబ్బు నడక తిరగబడింది. కువైట్ నుంచి మొదటి ఏడాదే ఇంటికి డబ్బు వస్తుంది. చదువుకు పోతే రెండేళ్లపాటు ఇంట్లోంచి పోతూనే ఉంటుంది, ఆ తర్వాత వస్తుందో రాదో పోయేనాడు ఎవరూ చెప్పలేరు. పద్ధతి పాతదే ఉండి డబ్బు నడక మాత్రం మారడమే ఈ ఊళ్లలోని చాలా ఇళ్ల చిక్కులకు మూలమని నాకనిపిస్తుంది.

ఈ మూడు ఊళ్లలోనూ తండ్రుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "మావాడు కంప్యూటర్స్ చేస్తాండాడు సార్. ఏదో ఒక యూనివర్సిటీ రానీ, పోతే సాలు. యా ఊరు, యా కాలేజీ అనేది కన్సల్టెన్సీ వాళ్లే సూసుకుంటారు." ఈ మాటలో పట్టుదల ఉంది, ప్రేమ ఉంది. సన్నాహం మాత్రం లేదు. ఏ చదువు, ఎక్కడ, ఎంత అప్పుతో అనే మూడు ప్రశ్నలనూ బయటివాళ్లకు అప్పగించి, ఇల్లు కేవలం డబ్బు సమకూర్చే పని పెట్టుకుంది.

పిల్లలు ఎందుకు పోతున్నారో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2006లో పులివెందులకు జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2008లో వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పులివెందుల నుంచి ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, అంతకుముందు డిగ్రీ గడప తొక్కని ఇళ్లలోంచి ఇంజినీర్లు తయారయ్యారు. ఇంజినీర్లకు ఊళ్లో పని మాత్రం రాలేదు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి రాయి పడినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు నాలుగో రాయి పడేనాటికి బీటెక్ ముగింపుకొచ్చాడు. వాడు విమానం వైపు చూస్తే తప్పు పట్టలేం.

ఇంకో సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని చాలామందికి బీటెక్ దాదాపు ఉచితంగానే పూర్తయింది. అంటే చదువు కోసం పెద్ద మొత్తం అప్పు చేయడం ఆ ఇంటికి అలవాటు లేదు. అలాంటి ఇల్లు ఒక్కసారిగా ముప్పై, నలభై లక్షల మెట్టు ఎక్కుతోంది. మధ్యలో మెట్లు లేవు.

రాయలసీమ పిల్లలు సముద్రం దాటి చదవడం నూట పాతికేళ్ల కిందటి నుంచీ ఉన్నదే. చిత్తూరు జిల్లా కట్టమంచి రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జికి పోయాడు. కోస్తా నుంచి యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో బోస్టన్‌కు పోయింది మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతోనూ. అక్కడ ఆస్పత్రిలో రాత్రి పని చేసుకుంటూ చదివాడు. పులివెందుల ప్రాంతం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి కథ ఇంకో దారి. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి సమ్మె చేసినందుకు బహిష్కరణకు గురైన ఆయన, నడివయసులో మాస్కోకు పోయి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశాడు. వీళ్ల పేర్లు స్ఫూర్తి కోసం ఎత్తలేదు. ఆనాటి డబ్బు స్కాలర్‌షిప్పో, ధర్మనిధో, ఉద్యోగమో. ఈనాటి డబ్బు అప్పు. ఈ ఒక్క తేడా చూపించడానికే.

ఇక కన్సల్టెన్సీల సంగతి. అన్నీ మోసాలు కావు. అప్లికేషన్ నింపడం, గడువులు గుర్తుచేయడం, ఇంటర్వ్యూకు అలవాటు చేయడం బాగా చేసేవాళ్లూ ఉన్నారు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ సాయం అవసరమే. అయితే వాళ్ల రాబడి ఎక్కడిదో ముందే తెలుసుకోవాలి. "మీ దగ్గర ఫీజేమీ తీసుకోం" అన్న కన్సల్టెన్సీకి యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది. కమీషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే ఆ జాబితాలో ముందుంటాయి. తక్కువ ఫీజుతో మంచి చదువు చెప్పే ప్రభుత్వ యూనివర్సిటీకి కమీషన్ ఇచ్చే అవసరమే ఉండదు కనుక దాని పేరు చాలాసార్లు వినిపించదు కూడా.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. గల్ఫ్‌కు కూలీలను పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి, పూచీకత్తు కట్టాలి. కువైట్‌కు డ్రైవర్‌ను పంపేవాడికి ఉన్న ఈ కట్టుబాటు, నలభై లక్షల అప్పుతో విద్యార్థిని పంపేవాడికి లేదు. పంజాబ్ 2012లో ప్రత్యేక చట్టం తెచ్చి ట్రావెల్ ఏజెంట్లను, కన్సల్టెన్సీలను, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ కేంద్రాలను లైసెన్సు కిందికి తెచ్చింది. దాంతో అక్కడ మోసాలు ఆగిపోలేదు గానీ, ఫిర్యాదు చేయడానికి ఒక చిరునామా అయినా ఏర్పడింది. మన రాష్ట్రంలో అలాంటిది రావాలని నేను గట్టిగా అంటాను.

ఈ లోటుకు తెలుగు పిల్లలు చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూసివేసినప్పుడు అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాలికి రేడియో పట్టీలు కట్టారు. 2015 డిసెంబరులో సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీలకు బయలుదేరిన పిల్లలు కొందరు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి వచ్చారు. మరికొందరిని హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే మిషిగన్‌లో పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. తరగతుల్లేవు, పంతుళ్లు లేరు. అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, వాళ్లలో అధికభాగం తెలుగువాళ్లు. చేర్పించినందుకు పట్టుబడిన ఎనిమిదిమందీ మనవాళ్లే. 2023 ఆగస్టులో ఒకేరోజు ఇరవై మందికి పైగా తెలుగు విద్యార్థులను అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి తిప్పిపంపారు. వాళ్లలో కొందరికి, తమ పేరుతో ఏ పత్రాలు పెట్టారో కూడా సరిగా తెలియదు.

కాబట్టి మొదటి జాగ్రత్త చాలా చిన్నది. ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు విద్యార్థివే అయి ఉండాలి. అప్లికేషన్‌లోనూ, అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలోనూ కన్సల్టెన్సీ నంబరు పెట్టించుకోవడమంటే ఇంటి తాళంచెవి అద్దెకున్నవాడికి ఇచ్చి మనం వాకిట్లో నిలబడటమే. 2025 మార్చిలో భారత్‌లోని అమెరికా ఎంబసీ, యంత్రాల సాయంతో ఎవరో పట్టిపెట్టుకున్న సుమారు 2,000 ఇంటర్వ్యూ స్లాట్లను ఒక్కదెబ్బతో రద్దుచేసింది. ఇంకొకటి: దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టినట్టు తేలితే ఆ ఏడాది వీసా పోవడంతో ఆగదు. అబద్ధపు సమాచారం ఇచ్చాడన్న ముద్ర పడితే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. పత్రం తయారుచేసినవాడికి చాలాసార్లు ఏమీ కాదు.

ఇప్పుడు డబ్బు. ఈ వ్యాసంలో సగం బరువు దీనిదే, ఎందుకంటే మూడు ఊళ్లూ వేరుపడేది ఇక్కడే.

ప్రొద్దుటూరు వ్యాపారస్థుల ఊరు. బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, రిజిస్టర్డ్ పత్రాలున్న మిద్దెలు. అలాంటి ఇంట్లో పిల్లవాడికి ప్రభుత్వ బ్యాంకు అప్పు దొరకడం పెద్ద కష్టం కాదు. ఇంటిని తనఖా పెడితే, ప్రైవేటు సంస్థల కంటే తక్కువ వడ్డీకి వస్తుంది. పులివెందుల, జమ్మలమడుగు చుట్టూ పల్లెల్లో ఆస్తి అంటే చీనీ తోట, అరటి తోట, శనగ వేసే నల్లరేగడి. విలువలో ఆ పదెకరాలు ప్రొద్దుటూరు మిద్దె కంటే ఎక్కువే కావచ్చు. కానీ చదువు అప్పుకు వ్యవసాయ భూమిని బ్యాంకులు మామూలుగా తనఖాగా తీసుకోవు. అప్పు ఎగ్గొడితే ఆస్తిని సులువుగా స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు మరి. పల్లెలో ఇల్లు చూపిద్దామంటే అది గ్రామకంఠంలో ఉంటుంది, తాతల నాటి ఇంటికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. హామీగా సంతకం పెట్టే తండ్రి ఆదాయం చూపాలంటే, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనక ఐటీ రిటర్నులూ ఉండవు. ఆస్తి ఉండి కూడా అప్పు పుట్టని పరిస్థితి.

అప్పుడు దారులు మూడు. తనఖా అడగని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు: క్రెడిలా, అవాన్సే వంటివి, విదేశాల నుంచి ఇచ్చే ప్రాడిజీ, ఎంపవర్ వంటివి. వీటిలో వడ్డీ ఎక్కువ. డాలర్లలో అప్పు ఇచ్చేవాళ్లయితే రూపాయి పడిన ప్రతిసారీ ఇక్కడి తండ్రికి అప్పు పెరిగినట్టే. రెండోది భూమి అమ్మకం. మూడోది ప్రోనోటు మీద చేబదులు, నూటికి రెండు రూపాయలు. నూటికి రెండు అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది, ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. వీసా అధికారికి బ్యాలెన్స్ చూపించడానికి కొన్ని వారాల కోసం తెచ్చే డబ్బు కూడా చాలాసార్లు ఈ కోవదే. అది చూపించే డబ్బే గానీ చదివే డబ్బు కాదని తండ్రికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. ఫీజు కట్టే నాటికి అది ఉండదు.

ఈ ఊళ్లలో జనం పెద్దగా లెక్కలోకి తీసుకోని నాలుగో దారి బంగారం. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. బీరువాలో ఉన్న నగల మీద బ్యాంకులో తీసుకునే అప్పు, ప్రోనోటు వడ్డీలో సగం కంటే తక్కువకే దొరుకుతుంది. గడువు తక్కువ, అది లోపం. కానీ చివరి రెండు మూడు లక్షలు తక్కువైనప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే ముందు బీరువా తెరవడం తెలివైన పని. అమ్మ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక లెక్క కడదాం. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. చదివే రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు వాయిదాలు కట్టక్కర్లేదు అంటారు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని కాదు. మొత్తం మొదట్లోనే తీసుకుంటే ఆ రెండున్నరేళ్లకు బారువడ్డీ 11 లక్షలు అవుతుంది. అసలుతో కలిపి 51 లక్షలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేల పైచిలుకు. అమెరికాలో ఉద్యోగం వస్తే ఇది భారమే కాదు. రాకపోతే? వెనక్కి వచ్చి బెంగళూరులో చేరిన కుర్రవాడి జీతం మొత్తం పెట్టినా ఈ వాయిదాకు సరిపోకపోవచ్చు. అదే 25 లక్షల అప్పయితే, వడ్డీ కలిసి దాదాపు 32 లక్షలై, పదిహేనేళ్లకు నెలకు 36 వేల చిల్లర పడుతుంది. కష్టమే, కానీ ఇల్లు మునగదు.

నేను ప్రతి తండ్రికీ చెప్పేది ఈ పరీక్షే. పిల్లవాడికి అమెరికాలో ఉద్యోగం రాలేదనుకోండి. బెంగళూరు జీతంతో ఈ అప్పు తీరుతుందా? తీరుతుందంటే ధైర్యంగా పంపండి. తీరదంటే అప్పు తగ్గించుకోవాలి, లేదా దేశం మార్చుకోవాలి, లేదా రెండేళ్లు ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని పోవాలి. "అమెరికా సంబంధం వస్తే కట్నంతో తీరిపోతుంది" అని మనసులో లెక్క వేసుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆడపిల్ల తండ్రి చేత తీర్పించుకునే అప్పును చదువు అప్పు అనడం నాకు చేతకాదు.

డాలరు సంగతి కూడా ఈ లెక్కలో కలపాలి. 2014 ప్రాంతంలో డాలరు 60 రూపాయలు. 2025 డిసెంబరులో 90 దాటింది. 30 వేల డాలర్ల ఫీజు అప్పుడు 18 లక్షలు, ఇప్పుడు 27 లక్షలు. యూనివర్సిటీ ఒక్క డాలరు పెంచకపోయినా ఫీజు ఒకటిన్నర రెట్లయింది. పదేళ్ల కిందట పోయిన బావమరిది చెప్పే లెక్కలు అందుకే ఇప్పుడు పనికిరావు.

బ్యాంకు అప్పు తీసుకునేవాళ్లకు రెండు మంచి మాటలు. 2025 ఏప్రిల్ నుంచి గుర్తింపున్న సంస్థల చదువు అప్పుతో పంపే ఫీజు మీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను లేదు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన దాని మీద పడుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎనిమిదేళ్లపాటు వడ్డీ మీద మినహాయింపు ఉంది. ఒక హెచ్చరిక కూడా. 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని కాలేజీలకే, విదేశీ చదువుకు కాదు. మైనారిటీ విద్యార్థుల వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకాన్ని 2022-23 నుంచి ఆపేశారు. పాత కరపత్రాలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

రాష్ట్ర ప్రభుత్వ సాయం గురించి అందరూ అడుగుతారు. తెలుగుదేశం హయాంలో విద్యాదరణ పేరుతో ఉన్నది ఆ తర్వాత ఆగింది. 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెనగా కొత్త రూపంలో వచ్చింది. ఎంపిక చేసిన అగ్రశ్రేణి యూనివర్సిటీల్లో సీటొస్తే, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, గరిష్ఠంగా కోటికి పైగా ఇచ్చే పథకం అది. ఎంపికైన కొద్దిమందికి నిజంగా వరమే. మామూలు యూనివర్సిటీకి పోయే మామూలు విద్యార్థికి దాని గడపే అందలేదు. పైగా ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, నిబంధన మారుతుంది, చదువు మధ్యలో ఉన్నవాడు తర్వాతి వాయిదా కోసం ఎదురుచూస్తాడు. ప్రభుత్వ సాయం వస్తే మేలు. దాన్ని నమ్ముకుని విమానం ఎక్కడం మేలు కాదు.

మనవాళ్లు అసలు తలుపే తట్టనివి కొన్ని ఉన్నాయి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థులతోపాటు సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తులవాళ్లకు కూడా ఉంది. ఏడాదికి 125 మంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఈ అర్హత ఉన్న పిల్లలు చాలామందే ఉంటారు. యూరప్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్‌కు బీటెక్ చివరి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు, బతుకు ఖర్చు రెండూ ఇస్తారు. గడువులు మాత్రం అక్టోబరు నుంచి జనవరి మధ్య ముగిసిపోతాయి, మన పిల్లలు మేల్కొనేది మార్చిలో. బ్రిటన్ వారి చీవెనింగ్‌కు రెండేళ్లు, అమెరికా ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్లు ఉద్యోగానుభవం కావాలి. ఉద్యోగం చేసి పోవడం వెనకబడటం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఏ దేశమన్నది ఇప్పుడు నాలుగేళ్ల కిందటి ప్రశ్న కాదు. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, చైనాను దాటేశారు. మరుసటి ఏడాది 3,63,019. కానీ ఆ అంకెలో చదువు ముగించి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాళ్ల పెరుగుదలే ఎక్కువ. ఎం.ఎస్., పీహెచ్‌డీలు చదువుతున్నవాళ్లు తగ్గారు. 2025 మే చివర విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలివ్వడం కొన్ని వారాలు ఆపి, జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం ప్రకటన వచ్చింది. అమెరికా దారి మూసుకుపోలేదు, ఇరుకైంది. ఇరుకు దారిలో పోయేవాడు బరువు తక్కువ పెట్టుకోవాలి. తక్కువ ఫీజున్న ప్రభుత్వ యూనివర్సిటీ, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వచ్చే కోర్సు ఎంచుకోవాలి. స్టెమ్ అయితే పన్నెండు నెలల ఓపీటీ మీద మరో ఇరవై నాలుగు నెలలు దొరుకుతుంది. ఒకే పేరున్న బిజినెస్ అనలిటిక్స్ కోర్సు ఒక యూనివర్సిటీలో స్టెమ్ అవుతుంది, ఇంకోచోట కాదు. తెలిసేది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్‌ను బట్టి. దాన్ని చూడకుండా డబ్బు కట్టకూడదు.

కెనడా 2024 జనవరిలో విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టింది, ఖర్చుల కోసం చూపాల్సిన మొత్తాన్ని రెట్టింపు చేసింది. బ్రిటన్ అదే నెల నుంచి మామూలు మాస్టర్స్ వాళ్లు భార్యాబిడ్డలను తీసుకురాకుండా ఆపింది. ఆస్ట్రేలియా వీసా రుసుం 2024 జూలైలో 710 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 1,600కు, మరుసటి ఏడాది 2,000కు పోయింది. ఆ డబ్బు వీసా రాకపోతే తిరిగి రాదు.

బెంగళూరు పరీక్షలో బాగా నెగ్గేది జర్మనీ. బాడెన్-వుర్టెంబర్గ్ వంటి చోట్ల తప్ప, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు బోధన ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, అది నెలనెలా విద్యార్థికే తిరిగి వస్తుంది. 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది, మార్కుల మెమోలు అసలువో కావో వాళ్లే తేలుస్తారు. కమీషన్ లేదు కనుక కన్సల్టెన్సీలకు ఆసక్తి తక్కువ. జర్మన్ నేర్చుకోవాలి, అది నిజమైన అడ్డు. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా ఉద్యోగానికి భాష కావాలి. ప్రొద్దుటూరులో ఉంటూ పుట్టపర్తి నారాయణాచార్యులు పధ్నాలుగు భాషలు నేర్చిన సంగతి ఇక్కడ ఎవరైనా చెబుతారు. ఆ వీధుల్లో పెరిగిన కుర్రవాడికి ఒక భాష అసాధ్యం కాదు. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు, కోడింగ్ నేర్చుకుని అమెరికాలో ఇంకొకరిలా మారే కంటే, తమ బ్రాంచిలోనే జర్మనీ చూడటం మేలని నా అభిప్రాయం.

మెడిసిన్ సంగతి వేరే వ్యాసం. జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ అని తిరిగే ముందు జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు చదవాలి: నీట్ అర్హత, ఇంగ్లీషు మాధ్యమంలో కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ మూడింటిలో ఏది తప్పినా తిరిగొచ్చాక డాక్టరుగా రిజిస్ట్రేషన్ దొరకదు.

కాగితాల పని మామూలుదే కానీ కాలం తింటుంది. పులివెందుల పిల్లవాడి ట్రాన్స్‌క్రిప్టులు అనంతపురం జేఎన్‌టీయూ నుంచి, ప్రొద్దుటూరు పిల్లవాడివి కడపలోని యోగి వేమన నుంచి రావాలి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుకున్న సందర్భాలు రాష్ట్రంలో ఎన్నో. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకు పుట్టుకతో వచ్చేదే. మూడో ఏడాదిలోనే ఇవి సరిచూసుకుంటే నాలుగో ఏడాది జీఆర్ఈకి మిగులుతుంది. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ రెండు గంటల లోపు పరీక్షే. చాలా యూనివర్సిటీలు అడగడం మానేశాయి కూడా. అడగకపోయినా రాయమనే చెబుతాను. బ్యాక్‌లాగులున్న వాడికి అది రెండో సాక్ష్యం.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మాత్రం పిల్లవాడే రాయాలి. అతుకుల బొంత ఇంగ్లీషైనా సరే. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గని, ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, బోర్లు ఎండిన చీనీ తోటలు: ఇంజినీరింగ్ విద్యార్థికి రాయడానికి ఇంత సామగ్రి ఊరి చుట్టూ ఉంది. అయినా పత్రం తెరిస్తే "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే మక్కువ" అన్న వాక్యమే. ఆ వాక్యం ఆ సీజన్‌లో ఎన్ని వందల మంది పంపుతారో.

అమెరికా వీసా ఇంటర్వ్యూకు పోయే రోజు గురించి ఇళ్లలో ఉన్న భయం, ఆ రోజు కంటే పెద్దది. 2008కి ముందు దీనికి మద్రాసు పోవాల్సి వచ్చేది. తర్వాత హైదరాబాద్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ వచ్చింది, 2023లో నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. రాత్రి బస్సెక్కి పొద్దున దిగి, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వరుసలో నిలబడటం ఆచారమైంది. వీసా వస్తే నూటెనిమిది. ఆ ఓపికలో పదో వంతు డీఎస్-160లో తన పేరుతో ఏం రాశారో చదవడానికి పెడితే సగం తిరస్కరణలు తగ్గుతాయేమో. 185 డాలర్ల వీసా రుసుం, 350 డాలర్ల సెవిస్ రుసుం కట్టాక మాట్లాడటానికి దొరికేది కొన్ని నిమిషాలే. ఆ యూనివర్సిటీయే ఎందుకు, డబ్బు ఎవరిది, అన్న రెండు ప్రశ్నలకు బట్టీపట్టిన జవాబు ఇట్టే దొరికిపోతుంది. ఇంట్లో అప్పు లెక్క కూర్చుని కట్టినవాడికి రెండో ప్రశ్నకు జవాబు నేర్పక్కర్లేదు.

అక్కడికి పోయాక సంగతులు చుట్టాలు చెబుతారు: వంట, చలికోటు, ఊరిబిండి, చెనిగ్గింజల పొడి. చుట్టాలు చెప్పనిది ఒకటి. మొదటి ఏడాది అమెరికాలో కాలేజీ ఆవరణ బయట పని చేయకూడదు, లోపల వారానికి 20 గంటలు మించకూడదు. "అక్కడ పెట్రోలు బంకులో పనిచేసి వాయిదా కట్టేస్తాడు" అన్న లెక్కతో పంపితే, పిల్లవాడిని దొంగతనంగా బతకమని పంపినట్టే. ఇప్పటి పరిస్థితిలో అది దొరికితే చదువే పోతుంది. ఆరోగ్య బీమా తక్కువ ప్రీమియంది కొనడం కూడా ఇంటివాళ్లు చేసే పొదుపే, ఒక్క ఎముక విరిగితే తెలుస్తుంది దాని ధర. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీలో పేరు నమోదుకు అరగంట పడుతుంది. కష్టాల్లో ఆదుకోవడానికి అమెరికాలోని తెలుగు సంఘం తానా వారి టీమ్ స్క్వేర్ వంటి సేవలు ఉన్నాయి, నంబరు ఫోన్లో ఉంచుకోవాలి.

ఇక ఊరు చేయగలిగింది. ప్రొద్దుటూరు, పులివెందుల కాలేజీల నుంచి ఇప్పటికే చాలామంది పోయారు. ఎవరు ఏ యూనివర్సిటీకి, ఏ బ్యాంకు నుంచి, ఎంత వడ్డీకి, ఉద్యోగం వచ్చిందా లేదా అన్న వివరాలు కాలేజీల దగ్గర పద్ధతిగా లేవు, కన్సల్టెన్సీల దగ్గర ఉన్నాయి. వాళ్లు గోడకు తగిలించేది వీసా వచ్చినవాళ్ల ఫొటోలే. రెండు కాలేజీలూ పూర్వ విద్యార్థుల నుంచి పేర్లు లేకుండా ఈ వివరాలు ఏటా తీసుకుని, మూడో ఏడాది పిల్లల ముందు, వాళ్ల తల్లిదండ్రుల ముందు తెలుగులో పెట్టొచ్చు. పూర్వ విద్యార్థికి ఒక ఫారం, కాలేజీకి ఒక మధ్యాహ్నం. జూలైలో పెడితే ఆ ఏడాది ఎరాస్మస్ గడువు కూడా అందుతుంది.